వెన్నుపాము వద్ద రెండు మందుల పొత్తు

మా తాతగారికి మోకాళ్ల వాతము ఉండెడిది. వాపు పొంగిన రోజులలో పంచె అంచు మోకాలికి తగిలినను ఆయన ఉలికిపడెడివారు. మా మామ్మ వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడము పెట్టబోతే, మంచి కాలికి హాయిగా ఉండెడి ఆ వేడియే వాచిన కాలికి నిప్పువలె తోచెడిది. ఒకే నీరు, ఒకే గుడ్డ; ఒక కాలికి సుఖము, మరియొక కాలికి బాధ. ఇది ఎట్లని చిన్నతనములో నేను అడిగితే "వాచినది గనుక" అని మామ్మ చెప్పెడిది. వైద్యశాస్త్రము కూడ చాలకాలము అంతకు మించి చెప్పలేకపోయినదని తరువాత చదివి తెలిసికొన్నాను.

ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనెడి నాలుగు లక్షణములను సుమారు రెండువేల యేండ్ల క్రిందట రోమను రచయిత సెల్సస్ ఒకచోట చేర్చి వ్రాసినాడు. అందులో మొదటి మూడును పైకి కనబడును. నాలుగవది రోగికి మాత్రమే తెలియును. పైగా వాచినచోటి నొప్పి ముల్లు గ్రుచ్చుకొన్న నొప్పి వంటిది కాదు. ముల్లు తీసివేసిన కొంతసేపటికి బాధ పోవును. వాపు నొప్పియో, తన చుట్టుప్రక్కల నున్న భాగములను కూడ సుకుమారము చేసి, తాకకూడని దానిగా మార్చివేయును. ఈ నొప్పిని అణచుటకు వెన్నుపాము వద్ద ఒక మందు చాలనప్పుడు రెండు మందులను కలిపి యిచ్చిన ఏమగును అన్న ప్రశ్నకు జంతువులపై జరిగిన పరీక్షలు ఎట్లు సమాధానము చెప్పినవో, ఆ చరిత్రయే ఈ ప్రసంగమునకు విషయము. నేను వైద్యుడను కాను. చరిత్ర చదివినవాడను; ఆ దృష్టితోనే చెప్పెదను.

వెన్నుపాము వద్దనే ఎందుకు? పూర్వము టపా సంచిని మోసెడి రన్నరు ఒక మజిలీ వరకు పరుగెత్తి, అచ్చట కాచుకొనియున్న రెండవ రన్నరు చేతికి సంచి అందించి తిరిగిపోయెడివాడు. కాలినుండి బయలుదేరిన నొప్పి వార్త కూడ అట్లే వెన్నుపాము వెనుకభాగమునకు చేరి, అచ్చట మరియొక నరమునకు అందును. ఆ రెండవ నరము దానిని మెదడు వైపునకు కొనిపోవును. చేతులు మారెడి ఆ మజిలీలో సంచిని ఆపగలిగితే, శరీరమంతటిని మత్తులో ముంచవలసిన పని యుండదు. మందు మోతాదును మిక్కిలి తగ్గించవచ్చును.

ఈ మజిలీకి మందును చేర్చిన మొదటి ప్రయోగము ఒక కుక్కమీద జరిగినది. 1884లో వియన్నా నగరములో కార్ల్ కోలర్ అను యువవైద్యుడు కొకైను కంటిని మొద్దుబారజేయునని చూపినాడు. మరుసటి సంవత్సరము న్యూయార్కులో లియొనార్డ్ కార్నింగ్ అను నరముల వైద్యుడు కుక్క వెన్నెముక ఎముకల నడుమ కొకైనును ఎక్కించినాడు. కొన్ని నిమిషములలో దాని వెనుకకాళ్లు పట్టు తప్పినవి, స్పర్శ పోయినది. కొన్ని గంటలకు మరల మామూలయినది. మందు రక్తనాళముల ద్వారా వెన్నుపామును చేరినదని ఆయన అనుకొన్నాడు. ఆయన ఊహ సరికాదు గాని దారి మాత్రము తెరచుకొన్నది.

1891లో జర్మనీలోని కీల్ పట్టణములో క్వింకె అను ఆచార్యుడు నడుము వద్ద సూది గ్రుచ్చి వెన్నునీరు తీసెడి పద్ధతి ప్రకటించినాడు. అదే పట్టణములో 1898 ఆగస్టులో ఆగస్ట్ బియర్ అను శస్త్రవైద్యుడు క్షయ సోకిన చీలమండతో వచ్చిన ఒక కూలివానికి ఆ దారిననే కొకైను ఎక్కించి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేసినాడు. పిమ్మట తన సహాయకుడు హిల్డెబ్రాంట్‌తో కలిసి ఆ మందును తమ మీదనే పరీక్షించుకొన్నాడు. ముందు బియర్ నడుమున సూది గ్రుచ్చగా పిచికారి దానికి అమరక వెన్నునీరంతయు కారిపోయినది. తరువాత వంతు హిల్డెబ్రాంట్‌ది. ఈసారి మందు సరిగా ఎక్కినది. బియర్ అతని కాళ్లమీద సుత్తితో కొట్టినాడు, కాలుచున్న చుట్టతో అంటించినాడు, వెంట్రుకలు పెరికినాడు. సుమారు ముప్పాతిక గంట అతనికి ఏమియు తెలియలేదు. ఆ సాయంకాలము ఇద్దరును ద్రాక్షసారాయము త్రాగి పండుగ చేసికొన్నారు. మరునాటినుండి బియర్ తలనొప్పితో కొన్ని దినములు మంచము పట్టినాడు. హిల్డెబ్రాంట్ వాంతులతోను, కమిలిన కాళ్లతోను బాధపడినాడు. జంతువులకు కలిగించిన బాధను గురించి ఇక ముందు చెప్పబోవుచున్నాను గనుక, మనుష్యులు తమమీద తెచ్చుకొన్న ఈ బాధను ముందుగా చెప్పుట న్యాయమనిపించినది.

రెండు మందులను కలిపి వెన్నులో ఎక్కించుటకు కూడ ఎక్కువకాలము పట్టలేదు. 1901లోనే రుమేనియాకు చెందిన రాకోవిచాను పిటెష్టి అను శస్త్రవైద్యుడు కొకైనుతో మార్ఫీనును కలిపి వాడిన తన అనుభవమును పారిసులో వివరించినాడు. మార్ఫీను మన నల్లమందులోని సారమే. జర్మనీలో సెర్టూర్నర్ అను మందుల దుకాణపు ఉద్యోగి 19వ శతాబ్దపు తొలి సంవత్సరములలో దానిని వేరుచేసినాడు. అయితే వెన్నుపాము మీద అది ఏమి చేయునో 1901లో ఎవరికిని తెలియదు. రెండును నొప్పిని తగ్గించునవే గదా, కలిపితే మేలు అనుకొన్నారు. ఆ ఆలోచనలో తప్పు లేదు. కాని కలిపినందువలన కలిగిన మేలు రెండింటి కూడికయేనా, అంతకంటె ఎక్కువయా, తక్కువయా? దీనికి కొలబద్ద కావలెను.

కొలబద్ద కొరకు వెదకినవారిలో ఎడింబరోకు చెందిన థామస్ ఫ్రేజర్ ముందువాడు. 1870 ప్రాంతములో ఆయన కుందేళ్లకు ఒక విషపుగింజ సారమును, దానికి విరుగుడైన ఆట్రోపీనును రకరకముల మోతాదులలో యిచ్చి, ఏ జంటకు ప్రాణము నిలిచినది, ఏ జంటకు పోయినది అని కాగితముపై చుక్కలు పెట్టినాడు. అవి ఒకదానినొకటి చంపుకొను మందులు. ఒకదానికొకటి తోడుపడు మందుల లెక్కను తేల్చినవాడు సీగ్‌ఫ్రీడ్ లోవె. ఎస్టోనియాలోని డార్పాట్ విశ్వవిద్యాలయములో పనిచేయుచు, 1926లో ముయిష్నెక్ అను సహచరునితో కలిసి ఆయన ఒక వ్యాసము ప్రకటించినాడు. తరువాత జర్మనీలో స్థిరపడినాడు గాని, నాజీల పాలన రాగానే యూదుడైన కారణమున ఉద్యోగము పోగొట్టుకొని అమెరికా చేరవలసివచ్చినది. ఆ గీత కూడ ఆయనతో సముద్రము దాటినది.

రేడియోలో బొమ్మ చూపుటకు వీలులేదు గనుక పాఠకులును శ్రోతలును మనస్సులో గీసికొనవలెను. నేలమీద అడ్డముగా ఒక గీత, దాని ఎడమ కొననుండి నిలువుగా ఒక గీత. ఒక నిర్ణీతమైన ఉపశమనము, అనగా నొప్పి సగమునకు తగ్గుట, కలుగుటకు మొదటి మందు ఒక్కటే యిచ్చిన 10 పాళ్లు కావలెననుకొందము. అడ్డగీతపై 10 వద్ద ఒక చుక్క. రెండవ మందు ఒక్కటే యిచ్చిన 40 పాళ్లు కావలెను. నిలువుగీతపై 40 వద్ద ఒక చుక్క. ఈ రెండు చుక్కలను కలుపుచు ఏటవాలుగా ఒక గీత గీయవలెను. రెండు అర్ధరూపాయలు ఒక రూపాయి అయినట్లు మందులు వట్టి కూడికగా పనిచేసినచో, 5 పాళ్లకు 20 పాళ్లు కలిపిననాడు అదే ఉపశమనము కలుగవలెను. ఆ చుక్క సరిగా గీతమీద పడును. అట్లు కాక 2 పాళ్లకు 8 పాళ్లు కలిపినంతనే అదే ఫలితము వచ్చినచో, చుక్క గీతకు చాల క్రిందుగా పడును. అప్పుడు ఆ రెండు మందులును ఒకదాని బలమును ఒకటి పెంచుచున్నవని అర్థము. చుక్క గీతకు పైన పడినచో ఒకదానికొకటి అడ్డు. ఈ అంకెలు లెక్క కొరకు నేను అనుకొన్నవే. పద్ధతి మాత్రము లోవెదే. ఇంత సులభమైన గీత లేక ఎన్ని తరముల వైద్యులు కేవలము అనుభవమును నమ్ముకొని మందులు కలిపినారో తలచుకొన్న ఆశ్చర్యము కలుగును.

గీత ఉన్నంతమాత్రమున చాలదు. మందును వెన్నుపాముకే చేర్చి, మెలకువగానున్న జంతువులో దాని పనిని కొలువగలుగవలెను. 1973లో నల్లమందు జాతి మందులు అంటుకొను ప్రత్యేక స్థానములు నరముల కణములలో ఉన్నవని తేలినది. 1975లో స్కాట్లండులోని అబర్దీనులో హ్యూస్, కోస్టర్లిట్జ్ అనువారు శరీరము తనంతట తాను తయారుచేసికొను నల్లమందు వంటి పదార్థములను కనుగొన్నారు. 1976లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో టోనీ యాక్ష్, థామస్ రూడీ అనువారు ఎలుక వెన్నునీటిలోనికి సన్నని గొట్టమును శాశ్వతముగా అమర్చి, అది మామూలుగా తిరుగుచుండగనే మార్ఫీను ఎక్కించినారు. ఎలుకకు నొప్పి తెలియలేదు. మార్ఫీనుకు విరుగుడైన నాలోక్సోను యివ్వగా నొప్పి మరల తెలిసినది. మెదడు వరకు పోనక్కరలేకుండ, మజిలీలోనే సంచిని ఆపవచ్చునని రుజువైనది.

మూడేండ్లకే ఆ రుజువు మనుష్యునకు ఉపయోగపడినది. 1979లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు పుండుజబ్బు నొప్పితో అల్లాడుచున్న ఎనమండుగురు రోగులకు అర మిల్లీగ్రామునుండి ఒక మిల్లీగ్రాము వరకు మార్ఫీనును వెన్నునీటిలో ఎక్కించినారు. ఆ లేశమాత్రపు మందుతో సగము దినమునుండి ఒక దినము వరకు ఉపశమనము కలిగినది. కాని అపాయము కూడ వెంటనే వచ్చినది. వెన్నునీటిలో మెల్లగా పైకి ప్రాకిన మార్ఫీను, మందు యిచ్చిన చాల గంటల తరువాత, రోగి నిద్రలో నుండగా, ఊపిరిని మందగింపజేయునని తెలిసినది. నొప్పి తగ్గవలెనన్న మందు హెచ్చవలెను; మందు హెచ్చిన ఊపిరి తగ్గును. లోవె గీత ఇచ్చట కాగితపు లెక్కగా మిగిలిపోలేదు. గీతకు క్రిందుగా చుక్క పడెడి జంట దొరికినచో మార్ఫీనును నాలుగవ వంతుకో అయిదవ వంతుకో తగ్గించవచ్చును. రోగి రాత్రి నిర్భయముగా నిద్రించవచ్చును.

ఇక వాపు నొప్పిని కొలుచుట. 1962లో వింటర్ అనునతడును అతని సహచరులును సముద్రపు నాచునుండి తీసిన కారజీనను అను జిగురును ఎలుక అరికాలిలో ఎక్కించి వాపు తెప్పించెడి పద్ధతిని ప్రకటించినారు. మనము తినెడి ఐస్‌క్రీములను చిక్కపరచుటకు వాడెడి పదార్థమే అది. కడుపులోనికి పోయిన హాని చేయనిది, చర్మము క్రిందికి పోయిన కొన్ని గంటలలో కాలిని పొంగించును. 1977లో దుబుయిసన్, డెన్నిస్ అనువారు ఫార్మలిను పరీక్షను వర్ణించినారు. అందులో నొప్పి రెండు విడతలుగా వచ్చును. మందు గ్రుచ్చినంతనే కొద్ది నిమిషములు ఎలుక కాలెత్తి విదిలించి నాకుకొనును. ఒక విరామము. ఆ తరువాత సుమారు పావుగంటకు మొదలై గంటవరకు రెండవ విడత. 1988లో హార్గ్రీవ్స్, అతనితోటివారు గాజునేల మీద ఎలుకను ఉంచి, క్రిందినుండి ఒక కాలిపై వేడి వెలుతురు పడునట్లు చేసినారు. ఎలుక ఎప్పుడు కావలెనన్న అప్పుడు కాలు తీసివేయవచ్చును. తీసినంతనే గడియారము ఆగును. వాచిన కాలిని త్వరగా తీయును. మంచి కాలిని నిదానముగా తీయును. మా తాతగారి రెండు మోకాళ్ల కథ నాకు ఇచ్చట మరల కనబడినది.

ఈ వ్యత్యాసమునకు కారణము కాలిలో మాత్రమే లేదని 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ చూపినాడు. గాయమునుండి ఎడతెగక వచ్చు వార్తలవలన వెన్నుపామే ఉద్రేకము చెంది, చిన్న వార్తను పెద్దదిగా పలుకుచున్నది. ఫార్మలిను రెండవ విడతలో కనబడునది చాలవరకు ఈ ఉద్రేకమే.

అచ్చట రెండు మందులు కలిసి ఏమి చేయునో ఇక చెప్పవచ్చును. మార్ఫీను మొదటి రన్నరు చేతిని పట్టుకొనును; అనగా కాలినుండి వచ్చిన నరము కొన తన రసాయనమును విడువకుండ ఆపును. రెండవ రన్నరును కూడ కొంత బద్ధకింపజేయును. క్లోనిడీను, మెడెటోమిడీను వంటి మందులు మరియొక తలుపు తట్టి ఇట్టి పనియే చేయును. మెదడునుండి వెన్నుపాముకు దిగివచ్చెడి సహజమైన అదుపును అవి అనుకరించును. 1990లో ఒసిపోవ్, అతని సహచరులు నల్లమందు జాతి మందులను మెడెటోమిడీనుతో కలిపి ఎలుకలకు యిచ్చినారు. శరీరమంతటికిని యిచ్చినపుడు ఫలితము వట్టి కూడిక. అవే మందులను వెన్నునీటిలో ఎక్కించినపుడు కూడికను మించిన ఫలితము! ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఇదే. పొత్తు మందుల గుణములో మాత్రమే లేదు. అవి కలిసికొన్న చోటులో కూడ ఉన్నది. అంతకు పదేండ్ల ముందు, 1980లో, యూంగ్, రూడీ అనువారు ఒకే మార్ఫీనును మెదడులో కొంత, వెన్నులో కొంత ఒకేసారి యిచ్చి, రెండు చోట్ల పనియు కూడిక కాక హెచ్చవేతగా ఫలించునని చూపియున్నారు.

మరియొక జంట వాపునకే ప్రత్యేకమైనది. ఆస్పిరిను ప్రోస్టాగ్లాండినులు అను పదార్థముల తయారీని ఆపి వాపును తగ్గించునని 1971లో జాన్ వేన్ కనుగొన్నాడు. ఆ పదార్థములు వాచిన కాలిలోనే తయారగునని అందరును తలచిరి. 1992లో ఆనికా మాల్మ్‌బర్గ్, యాక్ష్ అనువారు అవి ఉద్రేకించిన వెన్నుపాములో కూడ పనిచేయుచున్నవని, ఆస్పిరిను జాతి మందులను కొద్దిగా వెన్నునీటిలో ఎక్కించిన ఆ ఉద్రేకము అణగునని చూపినారు. మరుసటి సంవత్సరము ఫార్మలిను పరీక్షలో ఆ జాతికి చెందిన కీటోరొలాకును మార్ఫీనుతో కలిపి, లోవె గీత గీసి చూచినారు. చుక్క గీతకు క్రిందుగానే పడినది. ఒకటి మజిలీలో సంచిని ఆపుచున్నది, మరియొకటి మజిలీలోని కలవరమును అణచుచున్నది. రెండు పనులు వేరు గనుక ఒకదానికి ఒకటి బలమైనది.

ప్రతి చుక్క వెనుకను కొన్ని ఎలుకలు ఉన్నవి. ఇతర పరీక్షలలో జంతువుకు మత్తు యిచ్చి బాధ తెలియకుండ చేయవచ్చును. నొప్పి మందును పరీక్షించువానికి ఆ వెసులుబాటు తక్కువ. నొప్పి తెలియని జంతువుమీద నొప్పి మందు పరీక్ష అర్థము లేనిది. 1959లో రస్సెల్, బర్చ్ అను ఇద్దరు ఆంగ్లేయులు జంతువులకు బదులు వేరు మార్గము వెదకుట, సంఖ్యను తగ్గించుట, బాధను తగ్గించుట అను మూడు నియమములను ప్రతిపాదించినారు. మన దేశములో 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. ప్రయోగములపై పర్యవేక్షణ దాని క్రిందనే ఏర్పడినది. 1983లో నొప్పిని పరిశోధించువారి అంతర్జాతీయ సంఘమే మెలకువగానున్న జంతువులపై ప్రయోగములకు హద్దులు వ్రాసికొన్నది. హార్గ్రీవ్స్ గాజునేలపై ఎలుక తానే కాలు తీసికొనగలుగుట ఈ ఆలోచనకు దగ్గరిది. హద్దులు వ్రాసినంత మాత్రమున బాధ లేకుండ పోయినదని నేననను.

అంత బాధతో తెలిసిన సంగతి మనుష్యునకు ఎంతవరకు వర్తించును? ఈ ప్రశ్నకు హైదరాబాదు ఒక పాత ఉదాహరణ ఇచ్చినది. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలమైన హైదరాబాదు వైద్య పాఠశాలకు అధ్యక్షుడుగా నుండిన ఎడ్వర్డ్ లారీ, నిజాము ప్రభువు ధనసహాయముతో, 1888లోను 1889లోను క్లోరోఫారము సంఘములను నడిపినాడు. రెండవ సంఘమునకు లండనునుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చినాడు. కుక్కలు, కోతులు మొదలైన వందలకొలది జంతువులను పరీక్షించి, క్లోరోఫారము ముందుగా ఆపునది ఊపిరినే, గుండెను కాదు, కనుక వైద్యుడు ఊపిరిని కనిపెట్టియుండిన చాలునని తీర్పు చెప్పినారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన పరీక్షలలో వేరొక సంగతి బయటపడినది. కొద్దిపాటి క్లోరోఫారము మత్తులో నున్నపుడు ఆడ్రినలిను తోడైన గుండె హఠాత్తుగా వణకి ఆగిపోవుచున్నది. అదియు రెండు పదార్థముల పొత్తే! ప్రాణము తీయు పొత్తు. హైదరాబాదులో జరిగిన పరీక్షలు అబద్ధములు కావు. వారు అడిగిన ప్రశ్నలో ఈ జంట లేదు.

కీటోరొలాకు విషయములోను ఇట్టిదే జరిగినది. వెన్నునీటిలో దాని భద్రతను ముందుగా స్వచ్ఛందముగా వచ్చిన ఆరోగ్యవంతులమీద పరీక్షించిన జేమ్స్ ఐసెనాక్ బృందము, 2010లో రోగులపై ఫలితములు ప్రకటించినది. దీర్ఘకాలపు నొప్పి తగ్గలేదు. వెన్నులో యిచ్చిన మత్తుమందు పనిని కూడ అది పొడిగించలేదు. ఎలుకలలో అంత స్పష్టముగా కనబడినది మనుష్యులలో కనబడలేదు. ఆ వ్యాసముపై సంతకము చేసినవారిలో యాక్ష్ కూడ ఒకడు. తన యేండ్ల శ్రమ ఇంతవరకే వచ్చినదని తన పేరుతోనే అచ్చువేయించుట నాకు గౌరవనీయముగా తోచినది.

మిగిలిన జంటలు నిలిచినవి. క్యాన్సరు నొప్పికి వెన్నుపొర వెలుపల క్లోనిడీను యిచ్చుటకు 1996లో అమెరికా ప్రభుత్వము అనుమతించినది. నేడు మన ఆసుపత్రులలో కాన్పు ఆపరేషనుకు నడుములో యిచ్చు సూదిలో బుపివకైనుతోపాటు ఫెంటనిలో, మార్ఫీనో రవ్వంత కలుపుట సాధారణము. తల్లి మెలకువగానుండి బిడ్డ తొలి ఏడుపు వినును; ఆ తరువాత కూడ కొంతకాలము నొప్పి అదుపులో నుండును.

కుక్కల విషయమునకు మరల వత్తును. కాలి ఎముక విరిగిన కుక్కకు శస్త్రచికిత్స చేయునపుడు పశువైద్యులు మార్ఫీనును మత్తుమందుతో కలిపి వెన్ను చివర ఎక్కించుట నేడు వాడుకలో నున్నది. 1885లో కార్నింగ్ కుక్కకు యిచ్చిన సూది ఆ కుక్క మేలు కొరకు కాదు. ఇది కుక్క కొరకే. ఆవు ఈనలేక ముక్కుచున్నపుడు పశువుల డాక్టరు తోక మొదట సూది వేయుట పల్లెలలో చాలమంది చూచియుందురు. అచ్చట ఎక్కించునది తరచుగా లిగ్నోకైను. అది నిమిషములలో పనిచేయును గాని త్వరగా దిగిపోవును. క్లోనిడీనుకు చుట్టమైన జైలజీను ఆలస్యముగా పట్టి చాలసేపు నిలుచును. 2002లో ప్రకటించిన పరీక్షలో రెండింటిని కలిపి ఆవులకు యివ్వగా, లిగ్నోకైనంత త్వరగా పట్టి, ఏ ఒక్కదానికంటెను ఎక్కువసేపు నిలిచినది. దూడను సరిచేసి బయటకు తీయుటకు డాక్టరుకు కావలసినది ఆ వ్యవధియే.